పసుపు పూసిన ఒరిజినల్

కంప్యూటర్లు బాగుచేసిన ఇన్నేళ్ల ఉద్యోగంలో వాటి కడుపులోంచి నేను తీయని వస్తువు లేదు. బొద్దింకలు, బల్లి గుడ్లు, పిల్లలు హుండీ అనుకుని ఫ్లాపీ సందులో వేసిన రూపాయి బిళ్లలు, ఒకసారి ఎవరిదో పెళ్లి శుభలేఖ. వీటన్నిటికీ నా స్క్రూడ్రైవరు చాలింది. అది చాలక నన్ను ముప్పుతిప్పలు పెట్టిన కేసు ఒక్కటే. పసుపు పూసి, కుంకుమ బొట్టు పెట్టిన ఒరిజినల్ గేమ్ సీడీ.

ఇప్పుడు సర్వీసు పనిలో ఉన్న కుర్రాళ్లకు, అమ్మాయిలకు ఈ సంగతి చెబితే నవ్వుతారు. నవ్వండి, నేను కూడా ఇప్పుడు నవ్వుతూనే రాస్తున్నాను. మీరు ఆట కొనాలంటే వేలితో నొక్కుతారు, అది గాల్లోంచి దిగుతుంది. మా రోజుల్లో ఆట అంటే ఒక అట్టపెట్టె, అందులో ఒక సీడీ. దాని మీద గీత పడితే ఆ ఇంట్లో ఆ పూట అన్నాలు ఉండేవి కావు. రెండు వేల సంవత్సరం దాటిన కొత్తలో జరిగిందిది.

మా షాపు గాజువాక మెయిన్ రోడ్డు మీద, బస్టాపుకు ఎదురుగా ఉండేది. కంప్యూటర్లు అమ్మేవాళ్లం, బాగుచేసేవాళ్లం, ఆటల సీడీలు అమ్మేవాళ్లం. మా ఓనరు గోదావరి జిల్లా నుంచి ఉక్కు ఫ్యాక్టరీ ఉద్యోగానికి వచ్చి, రిటైర్మెంటు ముందుగానే తీసుకుని ఈ షాపు పెట్టినవాడు. మొదట్లో అందరిలాగే కాపీ సీడీలే అమ్మాడు. ఒకరోజు ఊళ్లో తనిఖీలు జరుగుతున్నాయని పుకారు లేచింది. పక్క వీధిలో ఒక షాపు కంప్యూటర్లు జీపులో ఎక్కించుకుపోయారని ఒకడు, జీపు కాదు లారీ అని ఇంకొకడు. ఆ సాయంత్రమే ఓనరు కాపీ సీడీలన్నీ గోనెసంచిలో కుక్కి ఎక్కడో పారేసి వచ్చాడు. మర్నాడు పెయింటరును పిలిపించి షట్టరు మీద ‘ఇచ్చట ఒరిజినల్ మాత్రమే అమ్మబడును’ అని పెద్దక్షరాలతో రాయించాడు.

భయంతో మొదలైన నిజాయితీ అది. కానీ రాను రాను ఆయనకు దాని మీద మోజు పెరిగింది. వచ్చినవాళ్లందరికీ కుర్చీ వేసి మరీ చెప్పేవాడు. "ఆ ఆట చేసినవాళ్లు కూడా అన్నమే తింటారు కదండీ. రాత్రింబవళ్లు కూర్చుని చేసినదాన్ని మనం ఊరికే ఎత్తుకొచ్చేస్తే వాళ్లేం తింటారండీ?" ఈ మాట నిజమే. విన్నవాళ్లు తలూపి, టీ తాగి, రోడ్డు దాటి ఫుట్‌పాత్ మీద కాపీ కొనుక్కునేవాళ్లు.

షాపులో బిల్లింగు చూసే ఆవిడ రోజూ భీమిలి నుంచి రెండు బస్సులు మారి వచ్చేది. ఆవిడ నోటికి ఓనరూ భయపడేవాడు, నేనూ భయపడేవాణ్ని. షట్టరు మీద రాత చూసి ఆవిడ అన్న మొదటి మాట, "ఒరిజినల్ మాత్రమే అని రాసీసినారు గాని బాబూ, మరి ఇన్నాళ్లూ ఏటి అమ్మినట్టు? మనవే సెప్పుకున్నట్టు నేదేటి?" ఆ రోజు ఓనరు మధ్యాహ్నం భోజనానికి కూడా షట్టరు దించలేదు, ఆ రాత ఎవరికీ కనపడకూడదని.

ఎదురుగా బస్టాపు పక్కన ప్లాస్టిక్ పట్టా పరిచి సీడీలు అమ్మే ఫుట్‌పాత్ అతను మాకు పోటీ. నన్ను చూసినప్పుడల్లా "ఏటి బావా, ఈ రోజు ఒరిజినల్ బోణీ అయ్యిందేటి?" అని పలకరించేవాడు. అతనికి ఎప్పుడూ బోణీ అయిపోయి ఉండేది.

ఇక్కడ కొంచెం పని విషయం చెప్పాలి. కాపీలు ఆపడానికి కంపెనీలు ఒక ఉపాయం చేశాయి. సీడీ మీద ఒకచోట కావాలనే కాస్త పాడుచేసి పెట్టేవాళ్లు. కంటికి కనపడదు. ఆట మొదలుపెట్టిన ప్రతిసారీ సీడీ డ్రైవులో ఉండాలి. కంప్యూటరు వెళ్లి ఆ పాడైన చోటు ఉందో లేదో చూస్తుంది. ఉంటే ఆట మొదలవుతుంది. మామూలుగా కాపీ చేసిన సీడీలోకి ఆ లోపం సరిగా వచ్చేది కాదు, అందుకని ‘అసలు సీడీ పెట్టండి’ అని ఇంగ్లిషులో ఒక ముక్క చూపించి ఆట మూసుకునేది. అంటే లోపం ఉన్నది అసలుది, లేనిది నకిలీ. ఈ సంగతి నేను చెబితే ఓనరు చాలాసేపు ఆలోచించి, "మనుషుల్లో కూడా అంతేనండీ" అన్నాడు. ఎవరిని ఉద్దేశించి అన్నాడో నాకు ఇప్పటికీ తెలియదు.

దొంగలు ఊరుకుంటారా. ఆ పరీక్షనే పీకేసిన చిన్న ఫైలు ఒకటి తయారుచేసి కాపీతో పాటు ఇచ్చేవాళ్లు. దాన్ని క్రాక్ అనేవాళ్లం. అది వేస్తే ఆట సీడీ అడగడం మానేసేది. కాబట్టి ఫుట్‌పాత్ మీద కొన్నవాడు సీడీ అటక మీద పారేసి హాయిగా ఆడుకునేవాడు. మా దగ్గర కొన్నవాడు మాత్రం ఆడిన ప్రతిసారీ సీడీ తీసి, తుడిచి, పెట్టి, అది గిర్రున తిరిగి ఒప్పుకునేదాకా చేతులు కట్టుకుని కూర్చోవాలి. తాళం వేసింది దొంగ కోసం. కానీ రోజూ తాళం తీసుకుని లోపలికి వెళ్లాల్సింది కొన్నవాడే. సముద్రపు గాలికి సీడీల మీద బూజు పట్టే ఊరు మాది, ఆ బాధ ఇంకోటి.

ఇప్పుడు మా కస్టమరు సంగతి. ఆయన పోర్టులో క్రేను ఆపరేటరు. విజయనగరం పక్క రైతుల కుటుంబం, గాజువాకలో ఇల్లు కట్టుకున్నాడు. ఆయన మామగారు రైల్వేలో గూడ్సు బండ్లకు, చివర్లో ప్యాసింజరుకు డ్రైవరుగా చేసి రిటైరైన మనిషి. కొత్తవలస దగ్గర్నుంచి కొండల మీదకి, సొరంగాల్లోంచి ఇనుప ఖనిజం బండ్లు నడిపినవాడు. పక్షవాతం వచ్చి కుడిచెయ్యి పడిపోయింది. కూతురి దగ్గర ఉంటున్నాడు. వేళ్లకు పని చెబితే చెయ్యి కొంత తిరిగి వస్తుందని డాక్టరు చెప్పి, పిసకడానికి ఒక రబ్బరు బంతి ఇచ్చాడు. పెద్దాయన దాన్ని కిటికీలోంచి విసిరేశాడట, ఎడమచేత్తో.

"బంతాడుకోడానికి నానేటి సిన్నపిల్లోడినా అంతన్నాడు బాబూ" అని క్రేను ఆపరేటరు మా షాపులో కూర్చుని గోడు వెళ్లబోసుకున్నాడు. "అన్నం కూడా ఎడంసేత్తోనే. ఆ కుడిసెయ్యి ఒల్లో ఎట్టుకోని గోడకేసి సూత్తంటాడు. అంతంత పెట్టిలు ఎత్తి ఓడలో ఎడతాను గాని, మావ సెయ్యి ఎలగ ఎత్తించాలో నాకు తెలుత్తం నేదు."

మా దగ్గర అప్పుడు రైలు నడిపే ఆట ఒకటి ఉంది. ఒక్కటే పెట్టె వచ్చింది, ఎవరూ కొనక దుమ్ము పట్టి ఉంది. బ్రేకు, వేగం, హారను అన్నీ కీబోర్డు మీదే. నేను దాన్ని తీసి చూపించాను. ఓనరు అన్నం తినే సంగతి ఉపన్యాసం ఇచ్చాడు. క్రేను ఆపరేటరు మారుమాట లేకుండా కొన్నాడు. ఒరిజినల్ అమ్ముడుపోయిందని ఓనరు నాకూ, బిల్లింగు ఆవిడకూ సమోసాలు తెప్పించాడు.

వాళ్లింటికి వెళ్లి ఆట కంప్యూటర్లో వేసింది నేనే. పెద్దాయన మొదట మొహం తిప్పుకుని కూర్చున్నాడు. తెర మీద ఇంజను కనపడగానే, "బ్రేకు ప్రెసరు సూపించే ముల్లేది?" అని అడిగాడు. చూపించాను. కుర్చీ దగ్గరికి లాక్కున్నాడు. అది ఏదో చలిదేశం, పట్టాలకు రెండు పక్కలా మంచు. "ఈ తెల్లదేటి, ఎవులైనా పిండి ఒలకబోసినారేటి?" అన్నాడు. మంచు అని చెప్పాను. "అరకులో సలి సూసినాను గాని ఇంత నేదు" అని, ఆ తర్వాత ఆ దేశం స్టేషన్లన్నిటికీ తన స్టేషన్ల పేర్లు పెట్టేసుకున్నాడు. మొదటిది శివలింగపురం, తర్వాతది బొర్రా.

అప్పట్నుంచి ఆయనకు డ్యూటీ మొదలైంది. నేను ఆ వీధి మీదుగా వెళ్తే కూతురు నన్ను ఆపి మరీ చెప్పేది. పొద్దున్నే స్నానం చేసి, ఇస్త్రీ చొక్కా వేసుకుని కూర్చునేవాడు. బండి నడుస్తుండగా ఎవరూ పలకరించకూడదు. ఒకసారి చుట్టాలు వస్తే, "బొర్రా దాటినాక మాటాడతాను" అని వాళ్లను వరండాలో కూర్చోబెట్టాడు. సీడీ ట్రేలో పెట్టడం కూడా ఆయనే, కుడిచేత్తోనే. ఆ పల్చటి బిళ్లను వేళ్లతో పట్టుకుని, మధ్య గుండ్రానికి సరిగా కూర్చోబెట్టేసరికి పక్కన పెట్టిన కాఫీ చల్లారిపోయేది. కూతురు సాయం చేయబోతే కసిరేవాడు. కానీ చెయ్యి మాత్రం ఒళ్లోంచి బల్ల మీదకి వచ్చింది. రెండు వేళ్లు కదిలాయి. తర్వాత మూడోది.

అలా ఉండగా దసరా వచ్చింది.

మా ఊళ్లో ఆయుధపూజ అంటే మీకు తెలుసు కదా. లారీ నుంచి లేత్ మిషను దాకా, కుట్టుమిషను నుంచి కొడవలి దాకా పసుపు కుంకుమలు పడాల్సిందే. పండగ మర్నాడు నేను షాపు తీసేసరికి క్రేను ఆపరేటరు మెట్ల మీద కూర్చుని ఉన్నాడు. చేతిలో అరిటాకు. అరిటాకులో సీడీ.

"అసలు సీడీ ఎట్టమంతంది బాబూ. అసలుదే ఎట్టినాం. ఎన్నిసార్లెట్టినా అదే మాట."

సీడీ చేతిలోకి తీసుకున్నాను. పేరు, ఇంజను బొమ్మ ఉన్న పక్క శుభ్రంగా ఉంది. మెరవాల్సిన పక్క, అంటే డ్రైవు చదివే పక్క, పసుపు రంగులో ఉంది. దాని మీద గుండ్రంగా గీతలు.

"ఇటువైపు పసుపు ఎవరు పూశారు?"

"మావే. మా ఇంటిది బొమ్మున్న పక్క ఎడతానంటే ఒప్పుకోనేదు. ‘ఇంజన్ సెడ్డులో నంబరు ప్లేటుకి బొట్టెడతామేటే, సక్రాలకి గదా ఎడతాం, పనిసేసే పక్కకే ఎట్టాల’ అన్నాడు. అనీసి తిప్పి పూసీసినాడు."

"మరి ఈ గీతలేమిటి?"

ఆయన తల దించుకున్నాడు. "ఆట రాకపోతే మా ఇంటిది భయపడిపోయి, సింతపండేసి తోమీసింది. ఇత్తడి సామాను తోమీ పీసుతో."

బిల్లింగు ఆవిడ అప్పుడే బస్సు దిగి వచ్చి, నా భుజం మీంచి తొంగిచూసింది. "బాగానే తోమినాది. ఇంకో నాలుగు తోములు తోమితే బిళ్లకి ఆ పక్కేటుందో అవుపడును" అంది. నిమ్మకాయ పెట్టారా అని కూడా ఆవిడే అడిగింది. పెట్టారట. బండి చక్రం కింద పెట్టినట్టు సీపీయూ కింద పెట్టి, డబ్బాను ముందుకు తోసి తొక్కించారట. రసం లోపలికి పోలేదు, అంతవరకు మా అదృష్టం.

ఆటలోని సమాచారమంతా ఎప్పుడో కంప్యూటర్లోకి ఎక్కేసి ఉంది. సీడీతో పని ఒక్క ఆ పరీక్షకే. కంపెనీవాళ్లు కావాలని చేసిన లోపం ఎక్కడుందో అని డ్రైవు వెతుకుతుంది. ఇప్పుడు సీడీ నిండా లోపాలే. వాళ్లు పెట్టిన మచ్చ ఏదో, మా పీచు పెట్టిన మచ్చ ఏదో దానికి తెలియడం లేదు. ఈ ఆటను కాపలా కాయడానికి ఎంతో చదువుకున్నవాళ్లు ఎన్నెన్నో ఆలోచించి ఉంటారు. దసరా పండగ మాత్రం వాళ్ల ఆలోచనలోకి వచ్చి ఉండదు.

ఓనరు దాన్ని తన పరువు సమస్యగా తీసుకున్నాడు. ఆయన అమ్మిన ఒరిజినల్ కదా. ఇంటి నుంచి టూత్‌పేస్టు తెచ్చి, మెత్తటి గుడ్డతో సీడీని ఆయనే రుద్దాడు. గీతలు పోతాయని ఎవరో చెప్పారట. పసుపు, కుంకుమ, చింతపండు అయ్యాక పేస్టు కూడా పడింది. సీడీ కమ్మగా వాసన వచ్చింది గానీ ఆట రాలేదు. తర్వాత సీడీలు పంపే బొంబాయి ఆఫీసుకు ఫోన్ చేయించాడు. నేను నాకొచ్చిన ఇంగ్లిషులో సీడీ పాడైందని చెప్పాను. ఎలా పాడైందని అటువైపు అమ్మాయి అడిగింది. పవిత్రమైన పొడి పడిందని చెప్పాను. ఏ పొడి అని మళ్లీ అడిగింది. ఓనరు రిసీవరు లాక్కుని హిందీలో, పూజ చేశామని చెప్పాడు. ఎందుకు చేశారని ఆ అమ్మాయి అడిగింది. దసరా కదా అన్నాడు ఓనరు. కొన్నవాళ్లు పాడుచేసుకుంటే కంపెనీ మార్చదు, పైగా ఆ ఆట ఇప్పుడు స్టాకు లేదు, ఎప్పుడొస్తుందో చెప్పలేం అని ఫోన్ పెట్టేసింది.

క్రేను ఆపరేటరు తన సీడీ తిరిగి పట్టుకెళ్లి, మర్నాడు తానే ఫుట్‌పాత్ మీద ఆ ఆట కాపీ కొని ఇంటికి తీసుకెళ్లాడు. మాకు చెప్పలేదు, మొహమాటపడ్డాడు. పెద్దాయన దాన్ని తిప్పి చూసి, పెట్టె ఏదని అడిగాడట. ప్లాస్టిక్ కవరు, జిరాక్సు కాగితం తప్ప ఏమీ లేవు. "టికెట్టు నేని బండి నాను నడపను" అని దాన్ని కొన్నచోటికే తిప్పి పంపేశాడట. ముప్పై ఏళ్ల పైగా రైల్వేలో చేసిన మనిషి, ఒక్కసారి కూడా టికెట్టు లేకుండా చుట్టాన్ని ఎక్కించుకోలేదట.

కొన్ని రోజుల తర్వాత క్రేను ఆపరేటరు మళ్లీ మా షాపుకు వచ్చేసరికి మొహం వాడిపోయి ఉంది. కుర్చీ వేసినా కూర్చోలేదు.

"మావ మళ్లీ గోడకేసి సూత్తన్నాడు బాబూ. సెయ్యి ఒల్లోకి ఎల్లిపోనాది. నిన్న మా ఇంటిది యేళ్లు సాపబోతే బిగిసిపోయున్నాయి. డాట్రుకి సూపిత్తే, ఇలగే వొదిలీత్తే ఇంక రాదన్నాడు." మళ్లీ తనే, "పసుపు ఎట్టి నానే బండి ఆపీసినాను అని మా ఇంటిదానితో అన్నాడంట" అన్నాడు. రోడ్డు వైపు తిరిగి నిలబడ్డాడు.

ఇంతవరకూ నవ్వుకున్న మాలో ఎవరికీ ఇక నవ్వు రాలేదు. నాకు కోపం వచ్చింది. ఎవరి మీదో తెలియని కోపం. కొన్నవాడు ఏ తప్పూ చేయలేదు. తన వస్తువుకు దండం పెట్టుకున్నాడు, అంతే. "ఆ క్రాక్ వేస్తే రెండు నిమిషాల పని" అన్నాను ఓనరుతో.

"మన షాపులోనా అండీ?" అన్నాడు ఆయన. షట్టరు వైపు చూశాడు. పైకి చుట్టుకుని ఉన్నా ఆ అక్షరాలు ఆయనకు కనపడుతూనే ఉన్నాయి. లేచి వెళ్లి, పట్టపగలు షట్టరు సగం దించి వచ్చాడు, అప్పుడైతే మాట్లాడుకోవచ్చని.

"ఎత్తండి బాబూ" అంది బిల్లింగు ఆవిడ. "సగం దించితే దొంగపని సేత్తన్నామని బజారందరికీ తెలుస్తాది. సెయ్యదలిస్తే తలుపు తీసి సెయ్యండి. నేకపోతే మానీండి."

ఓనరు మళ్లీ లేచి షట్టరు ఎత్తాడు. గల్లాపెట్టెలోంచి డబ్బు తీసి లెక్కపెట్టాడు. చివరికి నా వైపు తిరిగి, "వెళ్లి తెండి" అన్నాడు.

రోడ్డు దాటి నేను ఫుట్‌పాత్ అతని ముందు నిలబడ్డాను. ఆ పది అడుగులు నా సర్వీసులో నేను నడిచిన అతి పొడవైన దారి. అతను నన్ను చూసి, పట్టా మీద ఉన్న సీడీల దుమ్ము తీరిగ్గా తుడిచాడు.

"ఒరిజినలోళ్లకి నా కాడేటి పని బావా?"

రైలు ఆట కావాలన్నాను. తీసి ఇస్తూ, "గేరంటీ ఉంది. ఆడకపోతే రేపట్టుకొచ్చీ, మార్చీసి ఇత్తాను. పసుపు పూసినా సరే మార్చీత్తాను" అన్నాడు. ఊళ్లో అందరికీ తెలిసిపోయిందన్నమాట. బొంబాయి ఆఫీసు మాత్రం ఆ మాట అనలేదు.

ఆ సీడీని ఓనరు కాగితంలో చుట్టి, ఎండుచేపల పొట్లంలా చంకలో దాచుకున్నాడు. పెద్దాయనకు కొత్త ఒరిజినల్ తెప్పించామని చెబుదామని ఆయన ఆలోచన. బయల్దేరుతుంటే బిల్లింగు ఆవిడ వెనక నుంచి, "అబద్ధం సెప్పకండి బాబూ. మీకు రాదు. సెవులు ఎర్రబడిపోతాయి" అంది.

క్రేను ఆపరేటరుతో కలిసి వాళ్లింటికి వెళ్లేసరికి పెద్దాయన గోడ వైపే ఉన్నాడు. కూతురు కళ్లు తుడుచుకుంటూ మాకు మంచినీళ్లు తెచ్చింది. ఓనరు గొంతు సవరించుకుని, "మీ బండి వచ్చేసిందండీ, కొత్తది" అని మొదలుపెట్టాడు.

పెద్దాయన తిరిగి చూశాడు. "టికెట్టున్నదేనా?"

ఓనరు చెవులు ఎర్రబడ్డాయి. నేను చూస్తుండగానే మెడ దాకా పాకింది ఆ ఎరుపు. "లేదండీ" అన్నాడు. "ఎదురుగా బస్టాపు దగ్గర కొన్నాం."

"అయితే నాకొద్దు."

నేను ఆయన పక్కన కింద కూర్చున్నాను. "ఆట మీరు కొన్నదే. కంప్యూటర్లో ఉన్నది మీ సీడీలోంచి వేసిందే, నేనే వేశాను. ఈ దొంగ సీడీలోంచి ఒక్క ముక్కే తీసుకుంటాం. అది బండి కాదు. ఎక్కిన ప్రతిసారీ టికెట్టు చూపించమని గుమ్మంలో నిలబడే మనిషిని పక్కకు జరుపుతుంది, అంతే."

"టీటీని బండి దించీడమేటి?"

"అలాంటిదే."

"తప్పు గదేటి?"

"తప్పే" అన్నాను, విసుగొచ్చి. "కానీ మీ టికెట్టు మీ అమ్మాయి చింతపండేసి తోమేసింది. ఆ టీటీకి ఇప్పుడు దాన్ని చదవడం రావట్లేదు. మీరు కొన్నారని నాకు తెలుసు, ఈయనకు తెలుసు, అమ్మిన బొంబాయివాళ్లకూ తెలుసు. తెలియంది వాడొక్కడికే."

నేను గొంతు పెంచానని ఓనరు నన్ను గిల్లాడు. చివరికి పెద్దాయన కూతురితో, "పెట్టి తే" అన్నాడు. ఆవిడ అట్టపెట్టె తెచ్చింది. సీడీ కేసు వెనక అతికించిన నంబరును ఆయన దగ్గరగా పెట్టుకుని చూశాడు. అన్ని అంకెలూ ఉన్నాయి. అక్కడ ఎవరూ పసుపు పూయలేదు.

"వానాకాలం తడిసిపోయిన టికెట్లు అట్టుకుని సానామంది ఎక్కీవోరు" అన్నాడు నెమ్మదిగా. "అచ్చరాలు పోయినా నంబరు అవుపడితే టీటీ వొగ్గీసీవోడు. కొన్నోడు కొన్నోడే గదా. ఎయ్యి బాబూ."

చట్టం చదివినవాళ్లు ఈ తీర్పును ఒప్పుకుంటారో లేదో నాకు తెలియదు. ఆ గదిలో మాత్రం అందరం ఒప్పుకున్నాం. దొంగ సీడీలోంచి ఆ ఒక్క ఫైలు తీసి వేశాను. సీడీ అడగకుండానే ఆట మొదలైంది. ఇంజను, పట్టాలు, పిండి ఒలికినట్టున్న మంచు. కూతురు గట్టిగా ఊపిరి పీల్చుకుంది.

పెద్దాయన కీబోర్డు ముట్టుకోలేదు. "సీడీ ఏది?" అన్నాడు.

"ఇంక సీడీతో పని లేదండీ" అన్నాడు ఓనరు.

"టీటీ నేడని టికెట్టు ఇంటికాడ వొగ్గీసి ఎక్కుతామేటి? తే."

గీతలు పడ్డ ఆ పసుపు బిళ్లను కూతురు చేతికిచ్చింది. ఆయన దాన్ని ఎడమచేత్తో తీసుకుని, ఒళ్లో ఉన్న కుడిచెయ్యి వైపు చూశాడు. ఆ చెయ్యి రాలేదు. మళ్లీ ప్రయత్నించాడు. మేం నలుగురం వేరే వేరే వైపులకు చూస్తూ నిలబడ్డాం. రెండు వేళ్లు విచ్చుకుని బిళ్ల అంచును పట్టుకున్నాయి. ఒకసారి జారి కింద పడింది. క్రేను ఆపరేటరు వంగబోతే కూతురు ఆయన చొక్కా పట్టుకుని ఆపింది. చివరికి బిళ్ల ట్రేలో కూర్చుంది. డ్రైవు గిర్రుమంది. ఏమీ చదవకుండా, ఎవరికీ అక్కర్లేకుండా అది తిరుగుతుంటే ఆయన హారను కొట్టి బండి కదిపాడు. కూతురు తెచ్చిన కాఫీ మీద మీగడ కట్టింది.

తర్వాత ఆ ఘనత ఎవరిదని మా బజారులో పెద్ద వాదన. చెయ్యి తిరిగొచ్చింది ఒరిజినల్ వల్లేనని మా ఓనరు. సీడీ పెట్టాలని నియమం లేకపోతే ఆ వేళ్లకు పనే ఉండేది కాదు కదండీ అంటాడు. తన గ్యారంటీ సరుకు లేకపోతే బండే కదిలేది కాదని ఫుట్‌పాత్ అతను. నన్నడిగితే ఇద్దరి మాటా నిజమే అంటాను, అందుకే ఇద్దరూ నాతో కొన్నాళ్లు సరిగా మాట్లాడలేదు. ఆ ఆట చేసినవాళ్లెవరో బ్రేకు ముల్లు దగ్గర్నుంచి అంత నిజంగా చేశారు. వాళ్లకు డబ్బు అందాలి, నేను ఇప్పటికీ కొనే ఆడతాను. కానీ కొన్నవాడికి వస్తువు ఇచ్చాక కాస్త నమ్మకం కూడా ఇవ్వాలని నా గట్టి అభిప్రాయం. మీరు ఆ పనిలోకి వెళ్తే గుర్తుపెట్టుకోండి.

ఓనరు మాత్రం కౌంటరు మీద ఇంకో బోర్డు పెట్టించాడు. ‘సీడీలకు పసుపు కుంకుమ పెట్టరాదు’ అని. దేవుడి పటం కింద ఆ మాట బాగోలేదని బిల్లింగు ఆవిడ దాన్ని పక్కకు జరిపించింది.

మరుసటి దసరాకు వాళ్లింటి నుంచి మాకు పిలుపొచ్చింది. బల్ల మీద కీబోర్డు, అట్టపెట్టె, గీతల సీడీ, దాని పక్కనే ఫుట్‌పాత్ సీడీ. కూతురు కుంకుమ పళ్లెం పట్టుకుని నిలబడింది. పెద్దాయన ఒరిజినల్ వైపు చూశాడు, తర్వాత ఫుట్‌పాత్ దాని వైపు చూశాడు.

"బొట్టు పనిసేసేదానికే ఎట్టాల" అన్నాడు.

నిజం చెప్పాలంటే ఆ రెండింట్లో పనిచేసేది దొంగదే. దానికి బొట్టు పెడితే మా ఓనరు ఆ షట్టరు కింద మళ్లీ తలెత్తుకుని కూర్చోలేడు. ఆయన నా చెయ్యి గట్టిగా పట్టుకున్నాడు.

పెద్దాయన రెండు సీడీలనూ పక్కకు నెట్టాడు. ఎడమచేతి వేలితో కుంకుమ తీసుకుని, బల్ల మీద చాపి ఉన్న తన కుడిచేతి మీద బొట్టు పెట్టుకున్నాడు. కళ్లు మూసుకుని దణ్ణం పెట్టుకున్నాడు. తర్వాత ఆ చేత్తోనే గీతల సీడీ అందుకుని, ఒక్కసారికే ట్రేలో పెట్టి, పక్కనున్న గ్లాసు తీసుకున్నాడు. కాఫీ ఇంకా వేడిగానే ఉంది.